కొట్లాటకు ఇంగ్లీషులో ఎనిమిది మాటలు

ఇంగ్లీషు ఒక్కటి వస్తే చాలు, ఉద్యోగం, మంచి సంబంధం, బస్సులో కిటికీ పక్క సీటు, అన్నీ వాటంతటవే వస్తాయని హైదరాబాద్ పాతబస్తీలో మా శాలిబండ మొత్తం నమ్మిన రోజులవి. ప్రతి రెండో మేడమీద ఒక స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు ఉండేది. ముప్ఫై రోజుల్లో ధారాళంగా అని ఒకరు రాస్తే, ఎదురు మేడవాళ్ళు ఇరవై అయిదు రోజులని రాసేవారు. ఆ పక్కవాళ్ళు రోజుల సంగతే ఎత్తకుండా గ్యారంటీ అని మాత్రం రాసుకున్నారు, జనం వాళ్ళ దగ్గరికే ఎక్కువ వెళ్ళేవారు. నేనప్పుడు బి.ఏ. పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. మా నాన్న దగ్గర్లోని గుడిలో అర్చకులు. పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్ళి స్వామికి పూలు తేవడం ఒక్కటే నా చేతిలో ఉన్న పని. అది అయ్యాక మిగతా రోజంతా ఏం చేయాలో తోచక, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలేని పర్యాయపదాల నిఘంటువు ఒకటి కొనుక్కొచ్చి కంఠతా పట్టడం మొదలుపెట్టాను. (మొదటి పదహారు పేజీలు కూడా లేవు. అందువల్ల 'ఎ' అక్షరంతో మొదలయ్యే మాటలు కొన్ని నాకు ఇప్పటికీ రావు. 'ఆర్గ్యూ' పదిహేడో పేజీలో ఉండబట్టి ఈ కథ జరిగింది.)

నా గురించి ఇంకో సంగతి ముందే చెప్పుకోవాలి. అప్పటికి నేను జన్మలో ఎవరితోనూ వాదించి ఎరుగను. మా ఇంట్లో వాదన అంటే, పండగలకు వచ్చే పెద్దవాళ్ళ మధ్య, దేవుడూ జీవుడూ ఒకటేనా కాదా అన్న స్థాయిలో, సంస్కృతంలో జరిగేది. మిగతా విషయాలన్నిటిలో నాన్న చెప్పింది అమ్మ వినడం, అమ్మ చెప్పింది నేను వినడం, అంతే. కండక్టర్ ఇదే ఆఖరి స్టాపు అంటే, కాదని తెలిసినా దిగి నడిచేవాణ్ణి. కటింగ్ షాపులో ఇంకాస్త తీసేయనా అని అడిగితే వద్దనలేక, ఆ సంవత్సరమంతా కొత్తగా మిలిటరీలో చేరినవాడిలా తిరిగాను. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి, పద్నాలుగు మంది ఆడవాళ్ళకు ఇంగ్లీషులో వాదించడం నేర్పే పనిలో పెట్టడం దేవుడికి సరదాగా అనిపించి ఉంటుంది.

నాకు ఉద్యోగం ఇచ్చినాయన్ని అందరూ డైరెక్టర్ సార్ అనేవారు. ఆ సంస్థకు డైరెక్టరూ ఆయనే, ఫారాలు నింపేదీ ఆయనే, కూజాలో నీళ్ళు పోసేదీ ఆయనే. సంస్థ అంటే పూజాసామాన్ల హోల్‌సేల్ దుకాణం పైన ఉన్న ఒక పొడుగాటి గది. దుకాణం, గది, వెనకాల ఉన్న ఇల్లు, అన్నీ ఒకే షావుకారు కుటుంబానివి. కొడుకులిద్దరూ దుకాణంలో కూర్చునేవారు గానీ, ఆ ఇంట్లో ఆకు కదలాలన్నా వాళ్ళ అమ్మ చెప్పాల్సిందే. గల్లీ అంతా ఆమెను పెద్దామె అనేది. నేను చేరిన రోజున డైరెక్టర్ సార్ నాకు సిలబస్ ఏమీ చెప్పలేదు. "నీకు ఒక్కటే రూల్. కింద పెద్దామె ఏమన్న అంటే ఊ అను. ఆమెతోని వాదించినవనుకో, మన బోర్డు రోడ్డు మీద ఉంటది" అన్నాడు. ఇంత తేలికైన ఉద్యోగం నాకు మళ్ళీ దొరకదనుకున్నాను, ఊ అనడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

మధ్యాహ్నం మూడింటికి గృహిణుల బ్యాచ్ నాది. పిల్లల స్కూలు మీటింగుల్లో టీచరమ్మలు ఇంగ్లీషులో మాట్లాడితే నోరు తెరవలేకపోతున్నామన్న బాధతో వచ్చినవాళ్ళే అందరూ. బ్లౌజులు కుట్టే ఆపా ఒకామె ముందు బెంచీలో కూర్చునేది. బురఖా పైకెత్తి, కళ్ళజోడు సర్దుకుని, నేను చెప్పిన ప్రతి మాటనూ కొలతల పుస్తకంలో రాసుకునేది. (ఆ పుస్తకంలో ఎవరి నడుము కొలత పక్కన నా ప్రిపొజిషన్లు ఉండేవో ఆమెకే తెలియాలి.) పెద్దామె కోడళ్ళు ఇద్దరూ కూడా ఈ బ్యాచ్‌లోనే ఉండేవారు. పెద్దకోడలు ముందు చేరింది, మర్నాడే చిన్నకోడలు చేరింది. ఒకరు గది ఆ చివర, ఒకరు ఈ చివర. ఒకరు మెట్లు దిగిన అయిదు నిమిషాలకు గానీ ఇంకొకరు దిగేవారు కాదు. నేనిదంతా షావుకార్ల ఇళ్ళలో మర్యాద అనుకున్నాను. క్లాసులో ఒక నియమం పెట్టాను. తెలుగు మాట గానీ ఉర్దూ మాట గానీ నోట్లోంచి వస్తే లేచి నిలబడాలి, మళ్ళీ ఇంగ్లీషులో ఒక పూర్తి వాక్యం చెప్పేదాకా కూర్చోకూడదు. మొదటి వారం 'యెస్ సార్' అనడానికి ముందు 'ఆఁ' అన్నందుకే సగం మంది నిలబడి ఉన్నారు.

మూడో వారంలో నా నిఘంటువు తెరిచాను, మొదటే పదిహేడో పేజీ వచ్చింది. నేను బోర్డు మీద ఆర్గ్యూ, క్వారెల్, డిస్ప్యూట్, డిబేట్, బికర్, స్క్వాబుల్, రాంగిల్, ఆల్టర్కేట్ అని ఎనిమిది మాటలు రాసి, వీటిని ఎప్పుడు ఏది వాడాలో తెలిసినవాళ్ళకే ఇంగ్లీషు వచ్చినట్టని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆ ఒక్కరోజు నియమం సడలించాను, ఎందుకంటే అర్థాలు వాళ్ళ భాషలోనే చెప్పాలి. అదే నేను చేసిన పొరపాటు. ఆపా లేచి, బహస్, తక్రార్, ఝగడా, కిరికిరి అంది. వెనక నుంచి ఎవరో తగువు, జగడం, లొల్లి, పంచాయితీ అన్నారు. ఇంకొకామె కొట్లాట అంది, ఆమె పక్కనామె కొట్లాట అంటే చేతులు వాడాలి, అది వేరే అంది. ఇద్దరికీ దాని మీద కాసేపు బహసో తక్రారో జరిగింది. పది నిమిషాల్లో బోర్డు రెండో సగం నిండిపోయింది, నా ఎనిమిది మాటలు ఓ మూలకు వెళ్ళిపోయాయి. ఈ ఒక్క పనికి మాత్రం మన దగ్గర మాటలకు కరువు లేదని నాకు ఆ రోజు తెలిసింది.

అయినా నేను తగ్గలేదు. ఆర్గ్యూ చేసేవాళ్ళ దగ్గర కారణం ఉంటుంది, క్వారెల్ చేసేవాళ్ళ దగ్గర కోపం ఉంటుంది అని చెప్పాను. కారణమూ కోపమూ రెండూ ఉంటే ఏమనాలని ఒకామె అడిగింది. రేపు చెప్తానన్నాను. బికర్ అంటే పెద్ద విషయమేమీ లేకుండా చిన్నచిన్నవాటికి గిల్లికజ్జాలు పెట్టుకోవడం అంటే, అది మా ఇంట్లో రోజూ భోజనాల తర్వాత అని ముగ్గురు ఒకేసారి అన్నారు. డిస్ప్యూట్ అంటే ఆస్తుల తగాదా అన్నప్పుడు అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. అప్పుడు చిన్నకోడలు, అంతదాకా నోరు మెదపని మనిషి, మెల్లగా అడిగింది. "సార్, కొట్లాడి మాటలు బంద్ చేసుకుంటరు గద. ఏండ్లకేండ్లు మాట్లాడుకోరు. దానికి ఏమంటరు?" నేను పేజీ అటూ ఇటూ తిప్పి, దానికి మాట లేదన్నాను. అందరూ ఎందుకు పుస్తకాల్లోకి తలలు దించుకున్నారో నాకు అర్థం కాలేదు. పాఠం బాగా వంటబట్టిందనుకుని సంతోషించాను.

ఆ సంతోషంలోనే ఇద్దరిద్దర్ని జతచేసి వాదన అభ్యాసం పెట్టాను. హాజరు పట్టీలో ఇంటిపేర్ల వరుసన జతలు కట్టాను కాబట్టి తొమ్మిదో నంబరు పెద్దకోడలికి పదో నంబరు చిన్నకోడలు వచ్చింది. రోజూ నాలుగుంపావు కాగానే పిల్లల స్కూలు బస్సు వస్తుందని సంచులు సర్దుకునే వాళ్ళంతా ఆ రోజు కదల్లేదు. విషయం ఏమిటంటే నల్లా నీళ్ళు. పెద్దకోడలు ఇంటి యజమానురాలు, చిన్నకోడలు కిరాయికి ఉండే మనిషి, నీళ్ళు రావడం లేదని వాదించాలి. చిన్నకోడలు నావైపు చూసి, "సార్, టెల్ హర్, వాటర్ నాట్ కమింగ్" అంది. పెద్దకోడలు బోర్డు వైపు చూసి, "సార్, టెల్ హర్, మోటర్ ఈజ్ నాట్ మై ఫాదర్స్" అంది. నేను మధ్యలో పోస్ట్‌మ్యాన్‌ని కాను, ఒకరి మొహం ఒకరు చూసి 'యూ' అని చెప్పండి అన్నాను. ఇద్దరూ ముందు ఫ్యాను వైపు చూశారు. చివరికి పెద్దకోడలు తల తిప్పి, "యూ ఓపెన్ ట్యాప్, యూ గో. ఆల్వేస్ యూ గో" అంది. "ఐ నాట్ గో. యూ గో" అంది చిన్నకోడలు. అక్కడినుంచి ఇక ఆగలేదు. ట్యాపు, బకెట్టు, మెట్ల మీద తడి, మోటరు స్విచ్చు, నేను నేర్పినవీ నేర్పనివీ అన్ని మాటలూ వచ్చాయి. పదికి పది మార్కులు వేశాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కనక రోజూ అయిదు నిమిషాలు ఇంటిదగ్గర ఇలాగే అభ్యాసం చేయమని హోంవర్కు కూడా ఇచ్చాను. చూడండి, ఎంత తెలివిగలవాణ్ణో.

అందరూ వెళ్ళాక ఆపా ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సార్, మీకు మాలూమ్ లేదా? తీన్ సాల్ సే బాత్ నై కరే వాళ్ళు దోనో" అంది. మూడేళ్ళుగా ఆ తోడికోడళ్ళకు మాటలు బంద్. ఒకే వంటిల్లు, ఇద్దరికీ వేరువేరు టైములు. చెప్పాల్సింది ఉంటే గోడకు చెప్పుకుంటారు, లేకపోతే పిల్లలకు చెప్తారు, మరీ అవసరమైతే అత్తకు చెప్తారు. పెద్దకోడలు దానితో మాట్లాడనని అమ్మవారి మీద ఒట్టు కూడా పెట్టుకుంది. కారణం బోనం. ఆ ఇంటి బోనం ఎప్పుడూ పెద్దకోడలే ఎత్తుకునేది. మూడేళ్ళ కింద సరిగ్గా బోనాలకు రెండు రోజుల ముందు షాద్‌నగర్‌లో ఆమె తల్లి పోయింది. ఆమె పుట్టింటికి వెళ్ళింది, ఆ ఆదివారం చిన్నకోడలు బోనం ఎత్తుకుంది. పదకొండో రోజు తర్వాత తిరిగొచ్చిన పెద్దకోడలు, నీకు సంబురమే కదా అని ఏదో అంది, చిన్నకోడలు ఏదో అంది, అంతే. తర్వాత రెండేళ్ళూ ఎవరికి చెప్తే ఎవరితో చిక్కోనని పెద్దామే నెత్తిన పెట్టుకుని నడిచింది. ఈ ఏడాది ఆమె మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. ఇద్దరిలో ఒకరికి ఇవ్వాలి. ఒకరికిస్తే రెండో కోడలు వేరే కుండ పెట్టుకుంటుంది. ఒక ఇంట్లోంచి రెండు బోనాలు లేస్తే ఇక ఆ ఇంట్లో పొయ్యిలు కూడా రెండే, గల్లీలో అందరికీ ఆ లెక్క తెలుసు. మరి ఒట్టు పెట్టుకున్న మనిషి నా క్లాసులో ఎలా మాట్లాడిందని అడిగాను. ఒట్టు తెలుగులో పెట్టుకుంది కదా సార్, ఇంగ్లీషులో పెట్టుకోలేదు కదా అంది ఆపా, అందులో అర్థం కానిది ఏముందన్నట్టు.

నా హోంవర్కును ఇంతవరకూ ఏ విద్యార్థీ అంత శ్రద్ధగా చేయలేదు. అయిదు నిమిషాలు అరగంటయింది, అరగంట పూటయింది. మేం పైన పాఠం చెప్పుకుంటుంటే కింద వెనకింటి డాబా మీద నుంచి ఒకరు, వాకిట్లోంచి ఒకరు ఇంగ్లీషులో అరుచుకునేవారు. దుకాణంలో అన్నదమ్ములిద్దరూ, కోపం కాదు చదువే కదా చేసుకోనివ్వండని గర్వంగా గిరాకీలకు చెప్పేవారట. ఒకరోజు పెద్దామె మా మెట్లెక్కింది. మెట్టు మెట్టుకూ ఆగి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి తీసుకుని. ఆమె పదో మెట్టు మీద ఉండగానే డైరెక్టర్ సార్ కూజా నింపాలని గుర్తొచ్చి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె కుర్చీలో కూర్చుని, నన్ను పైనుంచి కిందికి చూసి, "అయ్యగారి కొడుకువు గద నువ్వు. మూడేండ్లు ఇల్లు సప్పుడు లేకుంట ఉండె పంతులూ. పొద్దుగాల లేస్తే ఇప్పుడు ఒకటే ఇంగ్లీషు. ఏం నేర్పినవ్ వాళ్ళకు?" అంది. నేను ఊ అన్నాను. బోనాలు ఇంకా పది రోజులే ఉన్నాయని, వీళ్ళు బోనం గురించే కొట్లాడుకుంటున్నారేమోనని భయంగా ఉందని, తనకు భాష రాదు కనక నేనే ఇంటికొచ్చి విని చెప్పాలని అంది. దానికి కూడా ఊ అన్నాను. నిఘంటువు చంకలో పెట్టుకుని ఆమె వెనకే వెళ్ళాను.

ముందు గదిలో దివాన్ మీద కూర్చోబెట్టి, బయటినుంచి చాయ్ తెప్పించి ఇచ్చింది. వంటింటికీ మాకూ మధ్య ఒక పరదా అడ్డం. నేను వచ్చినట్టు లోపల తెలియదు. కాసేపటికి మొదలైంది. "హూ పుట్ సాల్ట్?" అంది పెద్దకోడలు. "ఐ నాట్ పుట్." "దెన్ సాల్ట్ కమ్ వాకింగ్?" ఉప్పు గురించి అని పెద్దామెకు చెప్పాను. ఉప్పుకు ఇంత ఇంగ్లీషు ఎందుకని ఆమె ఆశ్చర్యపోయింది. తర్వాత గిన్నెల గురించి, ఆరేసిన బట్టల గురించి కొంత నడిచింది. ఇది క్వారెలా, బికరా అని నేను మనసులో వర్గీకరించుకుంటున్నాను. (ఆమె ఇంటి పొయ్యి రెండుగా చీలబోతుంటే నేను పదాలు ఏరుకుంటున్నాను. ఇరవైరెండేళ్ళ వయసు అలాంటిది.) అప్పుడు బోనం అన్న మాట వినపడింది. అది తెలుగు మాట కాబట్టి పెద్దామెకూ వినపడింది, దివాన్ అంచుకు జరిగింది. "దిస్ ఇయర్ ఆల్సో యూ టేక్ బోనం" అని పెద్దకోడలు ఎత్తిపొడిచింది. "ఐ డోంట్ వాంట్. యూ టేక్. యూ ఆర్ యాంగ్రీ ఫర్ బోనం ఓన్లీ" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. "ఐ నాట్ యాంగ్రీ బోనం. మై మదర్ డై. ఎవ్రీబడీ కమ్. మిల్క్ మ్యాన్ ఆల్సో కమ్. యూ నాట్ కమ్." అంది. మూడేళ్ళు ఆ మనిషి కడుపులో దాచుకున్నది అదన్నమాట. అమ్మ పోయిందని తెలిసి పాలు పోసేవాడు కూడా షాద్‌నగర్ దాకా వచ్చాడు, ఒకే కంచంలో తిన్న తోడికోడలు రాలేదు. తెలుగులో అయితే దాన్ని ఎలా అనాలో ఆమెకు తెలియలేదు, గోడకు చెప్పుకునే మాట కాదది. నేను నేర్పిన నాలుగు ముక్కల్లో ఆమె దాన్ని మొత్తం చెప్పేసింది. అప్పుడు చిన్నకోడలి గొంతు, ఏడుపుతో కలిసి. "ఐ వేర్ చెప్పల్స్. ఐ స్టాండ్ ఎట్ డోర్. మదర్ ఇన్ లా సే, యూ కీప్ బోనం, డోంట్ గో డెత్ హౌస్. ఐ విల్ టెల్ అక్క, షీ సే." (క్లాసులో అయితే ఆ 'అక్క'కు ఆమెను నిలబెట్టేవాణ్ణి.) "షీ నాట్ టెల్" అంది పెద్దకోడలు.

పెద్దామె నా మోచేయి పట్టుకుంది. "ఆగిన్రు. ఏమన్నరు? బోనం అన్నది గద?" అని అడిగింది. ఎదురుగా ఉన్నది మా సంస్థ గదికి యజమానురాలు, చేతిలో ఆమె ఇచ్చిన చాయ్, చెవిలో డైరెక్టర్ సార్ చెప్పిన ఒకే ఒక్క రూల్. "నల్లా నీళ్ళ పాఠం అమ్మా" అన్నాను. ఆమె పరదా వైపు చూసింది, లోపల ఇద్దరి ఏడుపూ స్పష్టంగా వినపడుతోంది. "నల్లా నీళ్ళకు ఏడుస్తరా పంతులూ? నాకు ఇంగ్లీషు రాదు గని ఏడుపు తెలుస్తది" అంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, కళ్ళు గ్లాసులో పెట్టి, విన్నది విన్నట్టు తెలుగులో చెప్పేశాను. చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడడం, బోనం పట్టిన మనిషి చావింటికి పోవద్దని ఆపడం, అక్కకు నేను చెప్తాలే అనడం, ఆ చెప్పడం ఎప్పటికీ జరగకపోవడం.

"నేను గట్ల అనలె" అంది పెద్దామె. అలవాటు ప్రకారం నా నోరు ఊ అనడానికి తెరుచుకుంది. మరి ఏమైందో తెలియదు. "అన్నరంటమ్మా. చెప్త అని చెప్పలేదంట" అన్నాను. ఆమె కనుబొమలు పైకి లేచాయి. "నాతోని వాదిస్తున్నవా?" అంది. "ఔనమ్మా" అన్నాను. నా జీవితంలో మొట్టమొదటి వాదన అది, మొత్తం కలిపి రెండు వాక్యాలు. నేను కంఠతా పట్టిన ఎనిమిది మాటల్లో అది దేని కిందికి వస్తుందో ఆలోచించే తీరిక కూడా లేకపోయింది. ఆమె చూపు తిప్పుకుని, చాయ్ చల్లారుతుంది తాగమంది. తాగాను. పైకి వెళ్ళి జరిగింది చెప్తే డైరెక్టర్ సార్ ఇంకేమీ అడగకుండా టేపు తీసుకుని బోర్డు పొడవు కొలవడం మొదలుపెట్టాడు, కొత్త చోట పడుతుందో లేదో చూడాలని.

బోర్డుకేమీ కాలేదు. రెండు రోజులు ఇద్దరూ క్లాసుకు రాలేదు, కింద ఇంగ్లీషు కూడా వినపడలేదు. నేను భయంతో పూలు తేవడానికి కూడా వేరే గల్లీలోంచి తిరిగి వెళ్ళాను. మూడో రోజు ఆపా వార్త తెచ్చింది. పెద్దామె పొద్దున్నే కారు మాట్లాడుకుని, ఇద్దరు కోడళ్ళనూ ఎక్కించుకుని షాద్‌నగర్ వెళ్ళిందట. చనిపోయిన మూడేళ్ళకు పరామర్శకు వచ్చినవాళ్ళను చూసి ఆ ఇంటివాళ్ళు మొదట తికమకపడ్డారట, ఇంకెవరైనా పోయారేమోనని కంగారు కూడా పడ్డారట. పెద్దామె మాత్రం గుమ్మంలో కూలబడి, రావలసినప్పుడు రానివ్వలేదు, తప్పు నాది అని ఒక్క మాట అని, వియ్యపురాలి ఫోటో ముందు ఏడ్చిందట. చిన్నకోడలు అక్క మెడ చుట్టూ చేతులు వేసిందట. ఒట్టు సంగతి ఏం చేశారని నేను అడిగాను, ఎంతైనా అర్చకుడి కొడుకుని. అమ్మవారికి ఇంకో కొబ్బరికాయ అని మొక్కుకున్నారట.

బోనాల ఆదివారం నేను సంస్థ మెట్ల మీద నిలబడి చూశాను. ఆ ఇంట్లోంచి ఒకటే బోనం వచ్చింది. పసుపు పూసిన కుండ, వేపమండలు, పైన వెలుగుతున్న దీపం, దాన్ని నెత్తిన పెట్టుకుని పెద్దకోడలు. గడప దాటగానే చిన్నకోడలు చెంబుతో ఆమె పాదాల మీద నీళ్ళు పోసి, లేచి, ఆమె పక్కనే నడిచింది. పెద్దామె ఆపా భుజం పట్టుకుని వెనకాల కుంటుతూ వస్తోంది. మా మెట్ల దగ్గరికి రాగానే ఒక్క క్షణం నావైపు చూసింది, నవ్వలేదు గానీ తల ఊపింది. ఆ జనంలో, ఆ డప్పుల చప్పుడులో, నాకు కళ్ళు తడిశాయి. దాచుకోవలసిన అవసరమేమీ కనిపించలేదు.

మంగళవారం తోడికోడళ్ళిద్దరూ కలిసి మెట్లెక్కారు. స్టీలు డబ్బాలో బోనం అన్నం తెచ్చారు, బెల్లం వేసి వండింది. పెద్దకోడలు మెట్ల మీదే బట్టీపట్టినట్టుంది, డబ్బా నా బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, "సార్, థాంక్యూ సార్. నౌ వుయ్ ఆర్ నాట్ ఫైటింగ్. సో ఫ్రమ్ టుమారో నో ఇంగ్లీష్" అంది. వాళ్ళిక క్లాసుకు రారు. మాట్లాడుకోవడానికి తెలుగు మళ్ళీ దొరికాక వాళ్ళకు నాతో పనేముంది. వాళ్ళు మానేసిన వారానికి, వాళ్ళను చూడడానికే వస్తున్న సగం మంది మానేశారు. నెల తిరిగేసరికి ఆపా ఒక్కతే మిగిలింది, ఒక్కరితో బ్యాచ్ నడవదని డైరెక్టర్ సార్ నాకు చాలా మర్యాదగా చెప్పాడు. దాని గురించి నాకు బాధేమీ లేదు. నేను తలుచుకుని తలుచుకుని సిగ్గుపడేది, ఆ మంగళవారం ఆమె అంత ప్రేమగా ఆ మాట చెప్పినప్పుడు నేనేమన్నానో దానికి.

"ఫైటింగ్ కాదమ్మా. ఫైటింగ్ అంటే చేతులతో. క్వారెలింగ్ అనాలె" అన్నాను. వాళ్ళిద్దరూ బుద్ధిగా ఒకేసారి "క్వారెలింగ్" అని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. చాక్‌పీసు చేత్తో, గెలిచిన మొహంతో, వాళ్ళ వెనక నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. తర్వాత ఇన్నేళ్ళలో ఎంతోమందికి ఇంగ్లీషు చెప్పాను. ఇంటర్వ్యూలు గెలిచినవాళ్ళున్నారు, విమానాలెక్కినవాళ్ళున్నారు. కానీ నేను నేర్పిన మాటల్ని నిజంగా అవసరమైన చోట వాడినవాళ్ళు ఆ ఇద్దరే, వాళ్ళనే నేను తప్పు దిద్ది పంపాను.